అన్నం ముందా, పప్పూకూరా ముందా, అన్నీ కలిపా? షుగర్ ఉన్నవాళ్లకు ఏది మేలు?

అమ్మకు షుగర్ అని తేలిన దగ్గర్నుంచి మా ఇంట్లో మాటలన్నీ అన్నం ఎంత పెట్టాలన్న దాని చుట్టూనే తిరిగాయి. కప్పుతో కొలిచాం, ముడిబియ్యం తెచ్చాం, రాత్రికి జొన్నరొట్టెలకు మార్చాం. కంచంలో ఏది ముందు తినాలన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. పేగుకూ, ఇన్సులిన్ తయారుచేసే క్లోమానికీ (ప్యాంక్రియాస్) మధ్య నడిచే కబుర్ల గురించి ఏటా పాఠం చెప్తూ, ఆ పాఠాన్ని అమ్మ కంచం దాకా తీసుకురావడానికి నాకు చాలా కాలం పట్టింది.

1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి వెళ్లే నరాలన్నీ తెంపి, అందులో ఆమ్లం పోశారు. నరం లేకపోయినా క్లోమం నుంచి రసం కారింది. అంటే కబురు రక్తంలోనే వెళ్లిందన్నమాట. పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, ఆ సారాన్ని రక్తంలోకి ఎక్కించినా రసం ఊరింది. అందులోని పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలా రక్తంలో కబురు మోసే పదార్థాలకు హార్మోన్ అన్న మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు.

1960లలో ఇంకో విషయం తేలింది. గ్లూకోజును సూదితో నేరుగా రక్తంలోకి ఎక్కించినప్పటి కంటే నోటితో తాగించినప్పుడు ఇన్సులిన్ చాలా ఎక్కువగా వస్తుంది, రక్తంలో చక్కెర రెండు సార్లూ ఒకేలా ఉన్నా సరే. తిండి వస్తోందని పేగు ముందే క్లోమాన్ని హెచ్చరిస్తుంది కాబట్టే ఇలా జరుగుతుంది. ఆ కబురు మోసేవి ముఖ్యంగా రెండు హార్మోన్లు: జీఐపీ, జీఎల్‌పీ-1. మొదటిది ఎక్కువగా చిన్నపేగు పైభాగంలో, రెండోది ఎక్కువగా కింది భాగంలో తయారవుతుంది. టైప్-2 షుగర్‌లో జీఐపీ మాట క్లోమం సరిగా వినదు. జీఎల్‌పీ-1 మాట ఇంకా వింటుంది. మనం ఏది ముందు తినాలన్న దాంట్లో ఈ తేడాకూ పాత్ర ఉంది.

ఇక కంచం దగ్గరికి వద్దాం. ముందు చారన్నమో, పులిహోరో, పళ్లరసమో పొట్టలో పడిందనుకోండి. అడ్డుపడేది ఏమీ లేదు కాబట్టి పొట్ట తొందరగా ఖాళీ అవుతుంది. పిండిపదార్థం చిన్నపేగు పైభాగంలోనే చక్కెరగా మారి రక్తంలోకి దూకుతుంది. షుగర్ ఉన్న మనిషిలో ఇన్సులిన్ ఆలస్యంగా లేస్తుంది. పైగా, కాలేయం నుంచి చక్కెరను వదిలించే గ్లూకగాన్ తగ్గాల్సినంత తగ్గదు. తిన్న గంటకు కనిపించే పెద్ద అంకె ఇలా వస్తుంది.

అదే పప్పో, గుడ్డో, చేపో, ఆకుకూరో ముందు పడితే సంగతి వేరు. మాంసకృత్తులు, కొవ్వు చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలానికి తగలగానే సీసీకే అనే హార్మోన్ వస్తుంది. అది పిత్తాశయాన్ని పిండుతుంది, క్లోమం నుంచి ఎంజైములు రప్పిస్తుంది, పొట్టను కాస్త నిదానించమంటుంది. జీఎల్‌పీ-1 కూడా పెరుగుతుంది. అది రక్తంలో చక్కెర పెరిగినప్పుడే ఇన్సులిన్‌ను లేపుతుంది, గ్లూకగాన్‌ను అణచుతుంది, పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఆ తర్వాత వచ్చే అన్నం కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. అప్పటికి క్లోమం సిద్ధంగా ఉంటుంది.

న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలవాళ్లు టైప్-2 షుగర్ ఉన్నవాళ్లకు ఒకే భోజనాన్ని మూడు తీర్లుగా పెట్టి చూశారు. కోడిమాంసం, కూరగాయలు ముందు తిని రొట్టె చివర తిన్న రోజు, రొట్టె ముందు తిన్న రోజు కంటే చక్కెర పెరుగుదల దాదాపు సగానికి తగ్గింది. అన్నీ కలిపి తిన్న రోజు కంటే కూడా తక్కువే. జపాన్‌లో అన్నంతోనే చూశారు. చేప గానీ మాంసం గానీ 15 నిమిషాల ముందు తింటే పొట్ట ఖాళీ కావడం నెమ్మదించింది, జీఎల్‌పీ-1 పెరిగింది.

మనది కలుపుకొని తినే భోజనం. పప్పులో నెయ్యి వేసి కలిపిన ముద్ద ఒట్టి చారన్నం కంటే నయమే, ఎందుకంటే అందులో మాంసకృత్తులూ కొవ్వూ అన్నంతో పాటే వెళ్తాయి. కానీ కబురు, సరుకు ఒకేసారి చేరతాయి. పేగు చెప్పేలోపు అన్నం దిగిపోతుంది. చక్కెర ఒక్కటే చూస్తే పప్పూకూరా ముందు, అన్నం చివర తినడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఆచరణలో వచ్చే చిక్కు ఉప్పుకారాలు. "ఒట్టి పప్పు ఎవరైనా తింటారా?" అంది అమ్మ. తన మాటలో న్యాయముంది. మన పప్పు, వేపుడు అన్నంలోకి సరిపోయేలా చేస్తాం, విడిగా తింటే నోరు కాలుతుంది, ఉప్పు కూడా ఎక్కువ పడుతుంది. అందుకని తాలింపు వేశాక, ఉప్పు, కారం కలపకముందే ఒక గిన్నెడు పప్పు పక్కకు తీసి, చిటికెడు ఉప్పు వేసి ఇస్తున్నాం. అందులో తోటకూరో, సొరకాయో ఎక్కువగా ఉండేలా చూస్తాం. ఒక్కోరోజు ఉడికించిన గుడ్డు. అది తిన్నాక పది, పదిహేను నిమిషాలు ఆగి మిగతా పప్పు, కూరతో అన్నం. చివర్లో పెరుగన్నం మానమంటే అమ్మ ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు. పప్పులోకి పెట్టే అన్నమే ఒక ముద్ద తగ్గించాం. బంగాళాదుంప వేపుడు, చేమదుంప పులుసు మాత్రం ముందు తినే కూరల్లో చేర్చకండి, అవి అన్నానికి చుట్టాలే.

ఈ వరస అందరికీ మేలు కాదు. బక్కచిక్కిన పెద్దవాళ్లు ముందే కూరతో పొట్ట నింపుకుంటే రెండు ముద్దలు తినేసరికే లేచిపోతారు. వాళ్లకు పప్పు, నెయ్యి కలిపిన అన్నమే మంచిది. షుగర్ చాలా ఏళ్లుగా ఉండి, కొంచెం తినగానే కడుపు నిండినట్లు, వాంతి వచ్చినట్లు ఉండేవాళ్లకు పొట్ట అప్పటికే మందగించి ఉండొచ్చు, దాన్ని ఇంకా నెమ్మది చేయకూడదు. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సూది మందు పని మొదలయ్యాక అన్నం ఆలస్యంగా దిగితే చక్కెర పడిపోయే ప్రమాదముంది. అలాంటివాళ్లు వరస మార్చే ముందు డాక్టరుతో మాట్లాడి, సూది ఎప్పుడు వేసుకోవాలో అడిగి తెలుసుకోవాలి.