ఓడ యాంకర్ (లంగరు) పోతే డబ్బెవరిస్తారు? ఒక ఆన్‌లైన్ కోర్సు గురించి

షిప్పు దిగి వైజాగ్‌లో సెలవు మీద ఉన్నప్పుడు ఈ కోర్సులో చేరాను. సముద్రం అడుగున కరెంటు కేబుల్ తెగితే ఎవరి మీదికి వస్తుంది అన్నదే విషయం. రెండు రోజులు, ఫీజు 4,500 రూపాయలు, చెప్పింది రిటైరైన కెప్టెన్ గారు. నేను సెకండ్ మేట్‌ని, అంటే కెప్టెన్ కింద పనిచేసే ఓడ ఆఫీసర్‌ని, లా గురించి తెలిసింది తక్కువ.

మొదటి రోజు బాగుంది. రోజంతా ఎస్ట్‌లింక్-2 కేసే. ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య ఉన్న ఈ 650 మెగావాట్ల కేబుల్ 2024 డిసెంబర్ 25న దెబ్బతింది. కుక్ ఐలాండ్స్ జెండాతో (అంటే ఆ దేశంలో రిజిస్టరై) వెళ్తున్న ఈగిల్ ఎస్ ట్యాంకర్ తన యాంకర్‌ని దాదాపు 90 కిలోమీటర్లు ఈడ్చుకెళ్లిందని ఆరోపణ. కేసు ఎదుర్కొన్న ముగ్గురు ఓడ ఆఫీసర్లలో ఒకరు ఇండియన్. ఆ మాట వినగానే అప్పటిదాకా గోలగోలగా ఉన్న చాట్ బాక్సు గప్‌చుప్. 2025 అక్టోబర్‌లో హెల్సింకి కోర్టు, విచారించే అధికారం తనకు లేదంటూ కేసు కొట్టేసింది. తెగిన చోటు ఫిన్లాండ్ ప్రాదేశిక జలాల అవతల ఉంది, కాబట్టి కేసు నడపాల్సింది ఓడ జెండా దేశమో, ఆఫీసర్ల సొంత దేశమో. కేబుల్ యజమానులు అడిగిన నష్టపరిహారం కూడా ఆ కోర్టులో దాంతోపాటే ఆగిపోయింది.

రెండో రోజు నేనే అడిగాను. "సార్, యాంకర్ కేబుల్‌కి తగులుకుందని అనుమానం వస్తే చెయిన్‌తో సహా వదిలేయొచ్చా? కంపెనీ వాళ్లు నన్ను బతకనిస్తారా?"

1982 సముద్ర చట్టం ఒప్పందంలో 115వ ఆర్టికల్ చూపించారు. కేబుల్‌కి దెబ్బ తగలకూడదని యాంకర్ వదులుకున్నామని రుజువు చేస్తే, దాని ఖరీదు కేబుల్ యజమాని ఓడ యజమానికి ఇవ్వాలట. "కానీ ముందు జాగ్రత్తలన్నీ తీసుకుని ఉండాలి బాబూ. చార్టులో, అంటే సముద్రపు మ్యాపులో, కేబుల్ గీత చూడకుండా వేసిన యాంకర్‌కి పైసా రాదు" అన్నారు. ఆ ఒక్క జవాబుకే నా ఫీజు గిట్టింది.

ఆ తర్వాత మాత్రం స్లైడ్లు చదివి వినిపించడమే. రుజువు ఎలా రాసుకోవాలో ఎవరూ చెప్పలేదు. పీడీఎఫ్ చివరి పేజీలో నాకే దొరికింది: 1884 నాటి టెలిగ్రాఫ్ కేబుళ్ల ఒప్పందం ప్రకారం, జరిగింది సిబ్బంది సాక్ష్యంతో వెంటనే రాసిపెట్టుకుని, మొదటి రేవు చేరిన 24 గంటల్లో అక్కడి అధికారులకు చెప్పాలి. 1982 ఒప్పందంలో ఈ 24 గంటల మాట లేదు. అయినా రాత్రి రెండింటికి బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద ఉండే మాకు కావాల్సింది ఇదే కదా, లాగ్‌బుక్‌లో ఏం రాయాలో ఒక నమూనా ఇస్తే సరిపోయేది.

ఐదుకి మూడు ఇస్తాను. రికార్డింగు 30 రోజులే ఉంటుంది, చేరినవాళ్లు రెండో రోజు ప్రశ్నల భాగం ముందు చూసేయండి. సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు తప్పు పడింది, రెండు మెయిళ్లు పెట్టినా ఇంకా దిద్దలేదు.