సూపర్‌మేన్ పుట్టిన వీధి, బ్యాట్‌మేన్ పుట్టిన పార్కు: మా పది రోజుల తిరుగుడు

క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన చూడాలన్నది మా ఆవిడ ఎన్నో ఏళ్ళ కోరిక. 1978 నుంచి జరుగుతున్న ఉత్సవం, ఏటా ఈస్టర్ రోజుల్లో పెడతారు. అమ్మాయి కొలంబస్‌లో కాపురం పెట్టింది కాబట్టి ఈసారి కుదిరింది. నా లెక్క మాత్రం వేరు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల ముందు గొంతుక్కూర్చుని అట్టలు చిరిగిన కామిక్స్ తిరగేసిన వాణ్ణి. ఒహాయో దాకా వెళ్ళి సూపర్‌మేన్ ఇల్లు చూడకుండా వస్తే ఆ రోజులకి ద్రోహం చేసినట్టే. "నీకు పంచరత్నాలు, నాకు సూపర్‌మేన్" అని మా ఆవిడతో ఒప్పందం చేసుకుని బయల్దేరాను.

ముందు కొలంబస్. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బిల్లీ ఐర్లాండ్ కార్టూన్ లైబ్రరీ ఉంది, సల్లివాంట్ హాల్ అనే భవనంలో. కార్టూన్లకి సంబంధించి ప్రపంచంలోకెల్లా పెద్ద సేకరణ ఇక్కడిదే. పత్రికల్లోంచి కత్తిరించిన స్ట్రిప్పులే (వరస గళ్ళలో వేసే బొమ్మల కథలు) 25 లక్షలట. టికెట్ లేదు. మేం ఉత్సాహం కొద్దీ పొద్దున పదింటికే వెళ్ళాం, గ్యాలరీ తలుపులు మధ్యాహ్నం ఒంటిగంటకి గానీ తియ్యలేదు. సోమవారం అసలే తెరవరు. మూడు గంటలు ఏం చెయ్యాలో తోచక క్యాంపస్ అంతా తిరిగి, పార్కింగ్‌కి అదనంగా కట్టి, అమ్మాయి చేత చీవాట్లు తిన్నాను. మీరు భోంచేసి వెళ్ళండి.

లోపల ప్రదర్శన మారుతూ ఉంటుంది కాబట్టి నేను చూసిందే మీకూ కనిపిస్తుందని చెప్పలేను. చూడాల్సింది ఒరిజినల్ బొమ్మలు. అచ్చులో అరచేతిలో పట్టే పేజీ అసలు కాగితం మీద దాదాపు రెట్టింపు ఉంటుంది. దగ్గరికెళ్తే ఇంకు కింద పెన్సిల్ గీతలు, తప్పు దిద్దిన చోట తెల్ల రంగు పూత కనిపిస్తాయి. ఒక మొహం మీద ఆ తెల్ల పూత ఎంత మందంగా ఉందంటే, పక్క నుంచి చూస్తే కాగితం ఉబ్బినట్టుంది. తొలినాళ్ళ సూపర్‌హీరో కామిక్స్ ఒరిజినల్స్ మాత్రం దొరకడం గగనం. అచ్చయ్యాక వాటికి విలువేముందని చాలావరకు పారేశారు.

కామిక్ పుస్తకం ఎలా పుట్టిందో అర్థం కావాలన్నా ఇక్కడికే ముందు రావాలి. మొదట్లో అది కొత్త కథల పుస్తకం కాదు, ఆదివారం పేపర్లలో వచ్చిన స్ట్రిప్పులని మళ్ళీ అచ్చేసి కుట్టిన బొత్తి. కనెక్టికట్‌లో ఈస్టర్న్ కలర్ అనే ప్రెస్‌వాళ్ళు మిషన్లు ఖాళీగా ఉండకూడదని ఈ పని మొదలెట్టి, 1934లో పది సెంట్లకి అమ్మారు. పాత స్ట్రిప్పులు అయిపోవస్తే కొత్త కథలు కావాల్సొచ్చింది. ఆ సందులోంచే సూపర్‌మేన్ వచ్చాడు.

కొలంబస్ నుంచి క్లీవ్‌లాండ్ కారులో రెండుంపావు గంటలు, హైవే సాఫీగా ఉంది. ఆరాధన జరిగేది డౌన్‌టౌన్‌లోనే కాబట్టి నడిచి వెళ్ళే దూరంలో హోటల్ తీసుకున్నాం. దాని పేరు చెప్పను. బుకింగ్‌లో 'పార్కింగ్ సదుపాయం కలదు' అని రాసుంది. నిజమే, కలదు, రోజుకి 38 డాలర్లకి. గదిలో మైక్రోవేవ్ లేదు, మా ఆవిడ కట్టుకొచ్చిన పులిహోర చల్లారిందే తిన్నాం. పక్కలు మాత్రం శుభ్రం. ఇంకోసారి వెళ్తే ఊరి పడమటి వైపు వంటిల్లున్న అద్దె ఇల్లు చూసుకుంటాను. అక్కడైతే వెస్ట్ సైడ్ మార్కెట్ దగ్గర, కూరగాయలూ పళ్ళూ దొరుకుతాయి.

రెండో రోజు మా ఆవిడ హాల్లో ముందు వరసలో కూర్చోగానే నేనూ అమ్మాయీ సూపర్‌మేన్ ఇల్లున్న గ్లెన్‌విల్ పేటకి బయల్దేరాం. కారులో పావుగంట. వెళ్ళేముందు తెలిసినవాళ్ళందరూ "ఆ ఏరియానా? జాగ్రత్త" అని టెన్షన్ పెట్టారు. పట్టపగలు వెళ్ళాం, పట్టపగలే వచ్చాం, ఎవరూ మమ్మల్ని పట్టించుకోలేదు. కొన్ని ఇళ్ళు బాగున్నాయి, కొన్ని కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి. 1930లలో ఇది యూదుల పేట, ఇప్పుడు ఎక్కువగా నల్లజాతివాళ్ళు ఉంటున్నారు.

కింబర్లీ అవెన్యూలో 10622 నంబరు ఇల్లు సూపర్‌మేన్ కథ రాసిన జెర్రీ సీగెల్‌ది. ఎరుపూ నీలం రంగులు వేసి ఉంది, కంచెకి సూపర్‌మేన్ గుర్తు, పక్కన ఒక ఫలకం. ఇందులో ఇప్పటికీ ఒక కుటుంబం కాపురం ఉంటోంది. టికెట్లు, గైడులు, అమ్మే టీషర్టులు ఏమీ లేవు. పేవ్‌మెంట్ మీద నిలబడి చూడాలి, అంతే. మా ముందు ఎవరో గేటు తోసుకుని లోపలికి వెళ్ళబోతే అమ్మాయే ఆపింది. అది వాళ్ళ ఇల్లండీ, మ్యూజియం కాదు.

పైన గది కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను. 1934లో ఓ వేసవి రాత్రి సీగెల్‌కి అక్కడ నిద్ర పట్టలేదట. ముక్కలు ముక్కలుగా కథ తడుతుంటే లేచి రాసుకుంటూ, తెల్లారగానే బొమ్మలు గీసే స్నేహితుడు జో షస్టర్ ఇంటికి పరిగెత్తాడు. ఇద్దరూ గ్లెన్‌విల్ హైస్కూల్లో చదివినవాళ్ళు. అంతకు ముందు 1933లో వాళ్ళే ఒక సూపర్‌మేన్‌ని రాశారు, వాడు విలన్, పైగా బట్టతల! ఆ ముందు ఏడాదే సీగెల్ తండ్రి తన బట్టల కొట్లో దొంగలు పడ్డ రాత్రి గుండె ఆగి చనిపోయాడు. తుపాకి గుండు దిగని మనిషి ఆ దుఃఖంలోంచే పుట్టాడని రాసేవాళ్ళున్నారు. సీగెల్ మాత్రం ఆ ముక్క ఎక్కడా చెప్పుకోలేదు.

షస్టర్ ఇంటికి అక్కడి నుంచి పావుగంట నడక. ఇల్లు ఎప్పుడో కూల్చేశారు. అయినా ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. ఖాళీ స్థలం చుట్టూ కంచెకి, సూపర్‌మేన్ తొలిసారి అచ్చయిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలోని కథని పేజీకో పెద్ద పలకగా బిగించారు. పదమూడు పేజీలు. పుస్తకంగా కొనాలంటే కోట్లు పోయాలి, ఇక్కడ నడుస్తూ చదివేయొచ్చు. చీమ తనకంటే ఎన్నో రెట్ల బరువు ఎలా మోస్తుందో, మిడత ఎంత దూరం దూకుతుందో చెప్పి, సూపర్‌మేన్ బలం కూడా అలాంటిదేనని మొదటి పేజీలోనే ఒప్పిస్తారు. ఇక్కడ అతను ఎగరడు, దూకుతాడు. ఒక్క దూకుకి మైలులో ఎనిమిదో వంతు. మన రామారావు గారు 1980లో కట్టిన సూపర్‌మేన్ వేషానికి హనుమంతుడు వరమిచ్చాడని నవ్వుకుంటాం గానీ, ఈ పలకల ముందు నిలబడితే ఆ సినిమావాళ్ళకే అసలు సంగతి అర్థమైందేమో అనిపించింది.

రెండో పేజీకి వచ్చేసరికి కథ ఉన్నట్టుండి మధ్యలోకి దూకుతుంది. సూపర్‌మేన్ ఎవరో ఆడమనిషిని చంకనేసుకుని గవర్నర్ ఇంటికి పరిగెడుతుంటాడు, ఎందుకో తర్వాత గానీ తెలీదు. దానికి కారణం ఉంది. వాళ్ళు దీన్ని పేపర్ స్ట్రిప్‌గా గీసుకున్నారు. ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకోలేదు. చివరికి కామిక్ పుస్తకానికి కావాలనేసరికి స్ట్రిప్పులు కత్తిరించి పేజీలుగా అతికించి పంపారు, ఆ తొందరలో కథకి తల తెగింది. ఇంకో సంగతి, ఇందులో గ్రహాంతర రాక్షసులెవరూ లేరు. పెళ్ళాన్ని కొట్టేవాడు, కరెంటు కుర్చీ ఎక్కబోతున్న అమాయకురాలు, సెనేటర్‌ని మేనేజ్ చేసే పైరవీకారుడు. 1938 నాటి పేపర్లో లోపలి పేజీల వార్తలే ఇవి.

ఎండకి కొన్ని పలకలు వెలిశాయి, ఒకదాని మూల వంగింది. సైకిళ్ళ మీద ఇద్దరు పిల్లలు మమ్మల్ని చూసి, తర్వాతి పేజీ అటువైపు ఉందని చేత్తో చూపించి వెళ్ళిపోయారు.

వీధులకి గౌరవార్థం పేర్లు మార్చారు. ఒకటి జెర్రీ సీగెల్ లేన్, ఒకటి జో షస్టర్ లేన్, వాటితోపాటు సూపర్‌మేన్ కథానాయిక పేరే అయిన ఒక లోయిస్ లేన్! లోయిస్ బొమ్మకి మోడల్‌గా వచ్చిన అమ్మాయి జోఆన్‌నే తర్వాత సీగెల్ పెళ్ళి చేసుకున్నాడు. పేర్ల విషయంలో క్లీవ్‌లాండ్ ఇప్పుడు ఉదారంగానే ఉంది గానీ, అప్పట్లో సూపర్‌మేన్‌ని అచ్చేసిన న్యూయార్క్ కంపెనీ పంపిన చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పే. 1938 మార్చి 1 తారీఖు, మొత్తం 412 డాలర్లు. అందులో సూపర్‌మేన్ వాటా పేజీకి పది చొప్పున 130. హక్కులన్నీ దాంతోనే పోయాయి. ఆ చెక్కు కాగితాన్నే 2012లో వేలమేస్తే 1,60,000 డాలర్లు పలికింది. వీళ్ళిద్దరికీ ఏడాదికి చెరో 20 వేల పెన్షన్ ఇవ్వడానికి, కథ మీద పేర్లు వెయ్యడానికి కంపెనీ ఒప్పుకునేసరికి 1975 అయింది.

తిరిగి రావడానికి యాప్‌లో క్యాబ్ పెడితే (కారు అల్లుడు తీసుకెళ్ళాడు) ముగ్గురు డ్రైవర్లు వరసగా క్యాన్సిల్ చేశారు. నలభై నిమిషాలు నిలబడ్డాం. కారు ఉంటే దగ్గర పెట్టుకోండి.

క్లీవ్‌లాండ్ ఎయిర్‌పోర్టులో 2012లో పెట్టిన సూపర్‌మేన్ బొమ్మ ఉంది, లగేజీ తీసుకునే చోట. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు పనిగట్టుకుని కిందికి దిగితే గానీ కనపడదు. ఇలినాయ్‌లో మెట్రోపోలిస్ అనే ఊళ్ళో 15 అడుగుల విగ్రహం ఉందని అందరూ చెప్పారు. కొలంబస్ నుంచి ఏడెనిమిది గంటల డ్రైవింగ్. కథలో సూపర్‌మేన్ ఉండే ఊరితో పేరు కలిసిందని 1972లో ఆ ఊరిని సూపర్‌మేన్ సొంతూరుగా ప్రకటించారు, రాసినవాళ్ళకీ గీసినవాళ్ళకీ దాంతో ఏ సంబంధం లేదు. నేను మానేశాను.

క్లీవ్‌లాండ్ తర్వాత మజిలీ న్యూయార్క్. అక్కడి హోటల్ రేట్లు చూసి జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర గది తీసుకున్నాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదని దిగాక తెలిసింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే అడగండి. మిగతాదంతా లాభమే, కింద వీధిలో ఇడ్లీ దోశ, రెండడుగులు వేస్తే న్యూయార్క్‌కి వెళ్ళే పాత్ ట్రైన్.

మొదటి సాయంత్రం 42వ వీధిలో పాత మెక్‌గ్రా-హిల్ భవనం చూశాం. పోర్ట్ అథారిటీ బస్టాండ్ పక్కనే, నీలం కలిసిన ఆకుపచ్చ రంగు. తర్వాత మార్వెల్ అయిన టైమ్లీ కంపెనీ ఆఫీసు అప్పట్లో ఇక్కడే. కెప్టెన్ అమెరికా హిట్లర్ దవడ మీద గుద్దే అట్టతో 1940 డిసెంబరులో పుస్తకం వచ్చింది, అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఏడాది ముందు. బెదిరింపులు వస్తుంటే మేయర్ లాగార్డియా స్వయంగా ఫోన్ చేసి ధైర్యం చెప్పాడని కెప్టెన్ అమెరికాని సృష్టించిన ఇద్దరిలో ఒకడైన జో సైమన్ గుర్తు చేసుకునేవాడు. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది, చూడ్డానికి మాత్రం ఐదు నిమిషాల పని. సూపర్‌మేన్ వేసినవాళ్ళు ఉన్న లెక్సింగ్టన్ అవెన్యూ 480 కోసం వెతక్కండి, ఆ భవనం ఎప్పుడో పోయింది.

మర్నాడు 33వ వీధిలో పాత్ దిగి, డి ట్రైన్ మారి బ్రాంక్స్‌లో కింగ్స్‌బ్రిడ్జ్ రోడ్ స్టేషన్‌కి వెళ్ళాం. మెట్లెక్కి బయటికొస్తే ఎదురుగా పో పార్క్. ఎడ్గార్ అలన్ పో చివరి రోజుల్లో ఉన్న చిన్న చెక్క ఇల్లు అందులో ఉంది. 1939లో బాబ్ కేన్, బిల్ ఫింగర్ కూర్చుని బ్యాట్‌మేన్ గురించి మాట్లాడుకున్నది ఈ పార్కు బెంచీల మీదే. కేన్ మొదట గీసిన బొమ్మకి ఎర్ర బట్టలు, బిగుసుకున్న రెక్కలు, కళ్ళకి చిన్న ముసుగు. రెక్కలు తీసి కేప్ వెయ్యమన్నది, తలంతా కప్పే ముసుగు పెట్టి బట్టలు బూడిద రంగుకి మార్చమన్నది ఫింగర్. కథ రాసిందీ ఫింగరే. కాంట్రాక్టు మాత్రం కేన్ ఒక్కడి పేర. ఫింగర్ 1974లో పోయాడు, బ్యాట్‌మేన్ సృష్టిలో ఆయన పేరు వెయ్యడం 2015లో మొదలైంది. 192వ వీధి మలుపులో 'బిల్ ఫింగర్ వే' బోర్డు 2017 డిసెంబరులో పెట్టారు.

ఆ బోర్డు మామూలు వీధి బోర్డే. తలెత్తి వెతికితే గానీ కనపడదు, మేం దాని కిందే నిలబడి ఫోన్‌లో దారి చూసుకున్నాం. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటూ అడిగింది, "ఏమండీ, ఇంతకీ ఆయనకేమన్నా ముట్టిందా?"

"రాసిన పేజీలకి కూలి ఇచ్చారు."

"మరి ఇక్కడ ఇంకేం చూడాలి?"

ఏం లేదన్నాను. పార్కులో పెద్దవాళ్ళు చదరంగం ఆడుతున్నారు, అరగంట ఆ ఆట చూసి, ఎండెక్కకముందే డి ట్రైన్ పట్టుకున్నాం.