జంట రెక్కల తలుపుకు లోపలి తాళం

సంక్రాంతి వచ్చిందంటే పర్లాకిమిడిలో మా వీధి సగం ఖాళీ. టెక్కలి, శ్రీకాకుళం, విశాఖ, ఎవరి వాళ్ల దగ్గరికి వాళ్లు వెళ్లిపోతారు. భోగి నాటికి ఏ గుమ్మం చూసినా తాళంకప్పే. ఆ కప్ప ఎంత గట్టిదైనా, ఇంట్లో ఎవరూ లేరని దారిన పోయేవాళ్లందరికీ చాటింపు వేస్తుంది. పైగా దొంగ కప్ప జోలికి పోడు. గొళ్లెం కింద ఇనుప చువ్వ దూర్చి స్క్రూలతో సహా పెకలిస్తాడు. ఏడు లివర్ల అలీగఢ్ కప్పయినా వేలాడేది ఆ నాలుగు స్క్రూల మీదే కదా!

అందుకే తలుపు లోపలి వైపు బిగించే తాళం కొన్నాను. పేరున్న కంపెనీదే, 2,300 రూపాయలు పడింది. బయటికి కనిపించేది తాళంచెవి పట్టే చిన్న గుండ్రని రంధ్రం మాత్రమే. ఇంట్లో మనుషులున్నా లేకపోయినా తలుపు ఒకేలా కనిపిస్తుంది. పండక్కీ, ఆ తర్వాత హైదరాబాదులో అమ్మాయి పురిటికీ ఇల్లు దీని మీదే వదిలి వెళ్లాం.

దుకాణంలో అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చింది: "అమ్మా, మీది ఒంటి రెక్క తలుపా, జంట రెక్కలా?" మా అత్తగారి కాలం నాటి ఇల్లు, టేకు తలుపు, రెండు రెక్కలు. ఇలాంటి తలుపుకు తాళం ఒక రెక్కకూ, దాని నాలుక దూరే పట్టీ రెండో రెక్కకూ బిగిస్తారు. ఆ రెండో రెక్క కదిలితే తాళం ఉన్నా లేనట్టే. రెండు రెక్కలూ కలిపి తోస్తే తెరుచుకుంటాయి. కాబట్టి దానికి పైనా కిందా టవర్ బోల్టులు (నిలువు గడియలు) ఉండాలి, కింది బోల్టు గడపలోకి బాగా దిగాలి. మా మిస్త్రీ ఆ రంధ్రం లోతు చేయడానికే ఎక్కువసేపు తీసుకున్నాడు. పెట్టెలో ఇచ్చిన ముప్పావు అంగుళం స్క్రూలు తీసి పక్కన పెట్టి, ఒకటింపావు అంగుళంవి వేశాడు. ఇంత ధర పెట్టి కొన్న తాళానికి పొట్టి స్క్రూలివ్వడం నాకు అస్సలు నచ్చలేదు.

రెండో ఇబ్బంది వానాకాలంలో. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో నానినప్పటి నుంచి మా తలుపు వానలకు ఉబ్బుతుంది. అప్పుడు నాలుక పట్టీలోకి సూటిగా వెళ్లదు. తలుపు గట్టిగా దగ్గరికి లాగి తిప్పాలి. పట్టీ అంచును ఆకురాయితో కాస్త అరగదీయించాక సర్దుకుంది. తాళంచెవి రంధ్రంలో మాత్రం నూనె వేయకండి, దుమ్ము పట్టి బిగుసుకుపోతుంది. పెన్సిల్ ముల్లు పొడి చాలు.

ఆంధ్ర పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని, తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే ఏర్పాటు ఉంది. ఊరెళ్తున్నామని యాప్‌లో చెబితే వాళ్లే ఇంట్లో కెమెరా పెడతారు, లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, అది మాకు వర్తించదు. పక్కనే పాతపట్నం, అయినా రాష్ట్రం వేరు. ఇక్కడ మన జాగ్రత్త మనదే.

ఈ తాళం వీధి తలుపుకే. పెరటి తలుపుకు లోపలి నుంచి అడ్డకర్ర వేసుకోవాల్సిందే. పాలు, పేపరు ఆపించకుండా వెళ్తే కనిపించని తాళం వల్ల కూడా లాభం లేదు. గుమ్మంలో పేరుకున్న పేపర్లే సంగతి చెప్పేస్తాయి.

తాళంచెవి గుంటలు గుంటలుగా ఉండే రకం, దుకాణాల్లో కంప్యూటర్ కీ అంటారు. వీధిలో ఆకురాయితో చేసేవాళ్లు దీనికి నకలు తీయలేరు, యంత్రం కావాలి. పోగొట్టుకుంటే మాత్రం కష్టం. నేను ఒకటి ఎదురింటి పెద్దమ్మగారి చేతికిచ్చి వెళ్తాను. కరెంటు వైర్లు అంటుకున్నా, ట్యాంకు పొర్లినా ఎవరో ఒకరు లోపలికి వెళ్లగలగాలి కదా.