అవయవదానం: అడిగి తీసుకోవాలా, వద్దనకపోతే తీసుకోవాలా, డబ్బిచ్చి కొనాలా?

అవయవదానం మంచిదేనా అంటే కాదనేవాళ్లు తక్కువ. పేచీ అంతా "సరే" అనాల్సింది ఎవరు, ఎప్పుడు అన్న దగ్గరే వస్తుంది. దానికి ప్రపంచంలో ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి: బతికుండగా మనిషి ఇస్తానని చెబితేనో, పోయాక ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనో తీసుకోవడం, వద్దని రాసిపెట్టకపోతే ఒప్పుకున్నట్టే లెక్కగట్టడం, బతికున్నవాళ్ల దగ్గర కిడ్నీ కొనడం.

ముందు రెండోదాని సంగతి చూద్దాం, ఎందుకంటే వినగానే అదే తెలివైన పద్ధతి అనిపిస్తుంది. ఇవ్వాలని మనసులో ఉన్నా ఫారం నింపనివాళ్లు కోకొల్లలు, వాళ్ల బద్ధకం వల్ల ఇంకొకరు డయాలసిస్ మీదే పోవడం అన్యాయం కదా అన్నది ఈ పద్ధతిని సమర్థించేవాళ్ల వాదన, అందులో న్యాయముంది కూడా. కానీ మౌనం అర్ధాంగీకారం అంటారు, ఈ చట్టాలు ఆ మిగతా సగాన్ని కూడా తామే కలిపేసుకుంటాయి. చదువు రానివాడు, ఆ చట్టం ఉందనే తెలియనివాడు నోరెత్తకపోతే అది ఒప్పుకోవడం ఎలా అవుతుంది? బ్రెజిల్ 1997లో ఇలాంటి చట్టమే తెచ్చింది. ప్రాణం పోకముందే కోసేస్తారేమోనని జనం హడలిపోయారు, డాక్టర్ల సంఘాలు కూడా ఎదురుతిరిగాయి, 1998లోనే ఆ నిబంధన ఎత్తేశారు. నమ్మకం లేనిచోట చట్టం ఎంత గట్టిగా ఉంటే భయం అంత పెరుగుతుంది.

"మరి స్పెయిన్ మాటేమిటి?" అని వెంటనే అడుగుతారు. అక్కడ కూడా వద్దనకపోతే ఒప్పుకున్నట్టే అనే చట్టం 1979 నుంచీ ఉంది. పదేళ్ల తర్వాత, 1989లో కూడా పది లక్షల జనాభాకు ఏడాదికి 14 మంది దాతలే. ఇప్పుడది 45 దాటింది, ప్రపంచంలోనే ముందువరసలో ఉంది. మధ్యలో చట్టం మారలేదు. మారిందల్లా 1989లో జాతీయ అవయవ మార్పిడి సంస్థ పెట్టి, ఆసుపత్రుల్లో దీనికోసమే శిక్షణ పొందిన కోఆర్డినేటర్లను నియమించడం. వాళ్లలో ఎక్కువమంది ఐసీయూ డాక్టర్లే. పైగా చట్టం ఏమన్నా అక్కడ ఇంటివాళ్లను అడగకుండా ఏమీ తీసుకోరు.

ఆ అడగడం ఎంత కష్టమో ఒకసారి ఊహించండి. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి వెంటిలేటర్ మీద ఉంటే ఛాతీ లేస్తూ పడుతూనే ఉంటుంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది, మానిటర్ మీద గుండె గీత కదులుతూనే ఉంటుంది, ఆ పక్కన నిలబడి "అయిపోయిందమ్మా" అంటే ఏ తల్లి నమ్ముతుంది? మెదడు నిజంగా చనిపోయిందో లేదో తేల్చడానికి వెంటిలేటర్ తీసి, ఆక్సిజన్ మాత్రం అందిస్తూ, సొంతంగా ఊపిరికి ప్రయత్నిస్తున్నారేమో కొన్ని నిమిషాలు కనిపెట్టి చూస్తారని, ఆ నిర్ధారణ చేసే డాక్టర్లకూ అవయవాలు మార్చే బృందానికీ సంబంధం ఉండకూడదనే నియమం ఉందని ఓపికగా చెప్పేవాళ్లు కావాలి. చావు వార్త చెప్పిన నోటితోనే కిడ్నీ అడగకూడదు. ముందు అది మింగుడుపడనివ్వాలి. అవతల తీసిన గుండెను నాలుగైదు గంటల్లో ఇంకొకరికి అమర్చాలనే టెన్షన్ ఉన్నా సరే, ఇక్కడ తొందరపెట్టకూడదు. ఈ పని చట్టంతో అయ్యేది కాదు. ఇంగ్లండ్ 2020లో రెండో దారికి మారాక ఒప్పుకునే కుటుంబాల శాతం పెరగకపోగా తగ్గింది (కోవిడ్ కాలం కూడా అదేననుకోండి, నేరమంతా చట్టం మీదికే నెట్టలేం).

ఇక కొనడం. "నా ఒళ్లు నా ఇష్టం, అవసరమున్నవాడు కొంటాడు, మధ్యలో మీకేంటి?" అనే వాదన పైకి స్వేచ్ఛలాగే ఉంటుంది. ఇరాన్‌లో 1988 నుంచి ఇది ప్రభుత్వ పర్యవేక్షణలో, చట్టబద్ధంగానే సాగుతోంది. కానీ అమ్మేది ఎవరు? చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని అడిగి చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు, అమ్మాక కూడా నాలుగింట మూడొంతుల మంది అప్పుల్లోనే ఉన్నారు, కుటుంబ ఆదాయం మూడోవంతు పడిపోయింది. అంటే కిడ్నీ పోయింది, అప్పు పోలేదు. అది అక్రమ అమ్మకం కాబట్టి అలా అయింది, చట్టబద్ధం చేస్తే దళారులు పోతారు అంటారు. పోవచ్చు, అప్పులవాడి మెడ మీద కత్తి మాత్రం పోదు. ఈ దారిని నేను లెక్కలోంచే తీసేస్తాను.

ఇజ్రాయెల్ 2008లో మరో కిటుకు కనిపెట్టింది: దాతగా నమోదైనవాళ్లకు, రేపు వాళ్లకే అవయవం అవసరమైతే క్యూలో కొంత ప్రాధాన్యం. న్యాయంగానే ఉంది, కాకపోతే అవసరాన్ని బట్టి కాకుండా నడవడికను బట్టి వైద్యం ఇచ్చే అలవాటు అక్కడితో ఆగుతుందా అన్నదే నా అనుమానం.

నా ఓటు మొదటి దారికే, రెండు షరతులతో. పెద్దయిన ప్రతి ఒక్కరినీ బతికుండగానే, లైసెన్స్ తీసుకునేటప్పుడో మరెప్పుడో, సూటిగా అడగాలి, "ఇప్పుడే చెప్పలేను" అన్నా తప్పుపట్టకూడదు. ఆసుపత్రుల్లో స్పెయిన్ తరహాలో మనుషుల్ని పెట్టాలి, డబ్బు అక్కడ ఖర్చుపెట్టాలి. నాకు తేలని ముడి ఒక్కటే. పోయినాయన ఇస్తానని రాసిపెట్టాడు, భార్య వద్దని ఏడుస్తోంది. సూత్రం ప్రకారం మాట ఆయనది, శరీరం ఆయనది, ఆయన మాటే చెల్లాలి. చాలా చోట్ల చట్టం అలా అనుమతిచ్చినా డాక్టర్లు ఆవిడను కాదని ముందుకెళ్లరు, వాళ్లది తప్పని నేను అనలేను.