రోజ్‌డీన్: ఛార్టిస్టుల నాలుగెకరాల ఇల్లు

ఇంగ్లండ్‌లోని బ్రామ్స్‌గ్రోవ్‌కు దగ్గరలో, గ్రేట్ డాడ్‌ఫర్డ్ గ్రామంలో చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సంరక్షిస్తున్న రోజ్‌డీన్, రాజభవనాలు చూడటానికి అలవాటుపడిన సందర్శకులకు మొదట వెలితిగా అనిపించవచ్చు. పై అంతస్తు లేని ఈ ఇటుక ఇంట్లో వంటకూ కూర్చోవడానికీ కలిపి నడుమ ఒకే గది, దానికి అటూ ఇటూ చెరొక పడకగది, వెనుక పాలకూ సామానుకూ చిన్న గదులు ఉన్నాయి, అంతే.

అయితే ఓటు హక్కు లేని కార్మికులకు సొంత భూమి కల్పించాలని ఛార్టిస్టుల (కార్మికులకు ఓటు హక్కు కోరిన 19వ శతాబ్దపు బ్రిటిష్ ఉద్యమకారుల) నాయకుడు ఫియర్గస్ ఓ'కానర్ స్థాపించిన కంపెనీలో సుమారు 70,000 మంది వాటాలు కొంటే, ఇల్లూ పొలమూ దక్కినవారు దాదాపు 250 మందేనని తెలిశాక, ఆ గదులు చూసే చూపే మారిపోతుంది. కంపెనీ భూమి కొని ఇళ్లు కట్టించిన తొలి స్థావరాల్లో వాటాదారులకు లాటరీ తీసి భూమి పంచారు. అది చట్టవిరుద్ధమన్న అభ్యంతరం రావడంతో, 1849లో నివాసులు చేరిన చివరి స్థావరమైన ఈ గ్రేట్ డాడ్‌ఫర్డ్‌లో మాత్రం ఎక్కువ సొమ్ము కట్టినవారికే ప్రాధాన్యమిచ్చారు. పేదల కోసం పుట్టిన పథకానికి ఇంతకన్నా చేదు మలుపు ఉండదని నా అభిప్రాయం. 1851లో పార్లమెంటు చట్టంతో కంపెనీ మూతపడింది. జిగట బంకమట్టితో కుస్తీపట్టిన రైతులను తరువాతి కాలంలో స్ట్రాబెర్రీ సాగు ఆదుకుంది.

తోటను తీరిగ్గా చూడాలి. ఇల్లు కొద్ది రోజులే, ముందుగా బుక్ చేసుకున్నవారికే తెరుస్తారు కనుక, తేదీ ఖరారు చేసుకోకుండా బయలుదేరవద్దు.