బోవెన్ దారా, మినూచిన్ దారా? కుటుంబ కౌన్సెలింగ్ నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీయో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్కో చదివి కుటుంబ కౌన్సెలింగ్‌లోకి వచ్చేవాళ్లకు మొదట ఎదురయ్యేవి ఇద్దరు సైకియాట్రిస్టుల పేర్లు: మర్రే బోవెన్, సాల్వడార్ మినూచిన్. ఇంట్లో ఒకరికి వచ్చిన ఇబ్బందిని ఆ ఒక్కరిలోనే వెతకొద్దు, ఎవరు ఏం చేస్తే ఇంకొకరు ఏం చేస్తున్నారో చూడండి అన్నంతవరకూ ఇద్దరిదీ ఒకే మాట. ఆ తర్వాతే దారులు విడిపోతాయి. బోవెన్ 1954 నుంచి 1959 దాకా అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లతోపాటు వాళ్ల కుటుంబాలనూ వార్డులోనే ఉంచి గమనించారు. ఆందోళన తరం నుంచి తరానికి ఎలా చేరుతుందన్నదే ఆయన వెతుకులాట. మినూచిన్ న్యూయార్క్ ప్రాంతంలో విల్ట్‌విక్ స్కూలు మగపిల్లల పేద కుటుంబాలతో, 1965 నుంచి ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో పనిచేశారు. తాతముత్తాతల సంగతి తవ్వుకునే తీరిక ఆ ఇళ్లకు లేదు. ఈ వారం ఇల్లు గడవాలి, పిల్లవాడు దారికి రావాలి. అందుకే ఇంట్లో ఎవరి మాట ఎవరి మీద నడుస్తోందన్న ఇప్పటి అమరికనే మినూచిన్ చూశారు, దాన్నే నిర్మాణం అన్నారు.

మన దగ్గర ఏది పనికొస్తుందన్నది, గదిలోకి ఎవరు వస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. పిల్లవాడి సమస్యతో అమ్మానాన్నలు, అవ్వ కలిసి వస్తే మినూచిన్. కోడలు ఒక్కతే వచ్చి, తక్కినవాళ్లు "మాకేమన్నా పిచ్చా, మేమెందుకు వస్తాం" అంటే బోవెన్. ఎందుకంటే ఒక్క మనిషి తన తీరు మార్చుకుని దాన్ని నిలబెట్టుకున్నా చుట్టూ ఉన్నవాళ్ల నడత మారక తప్పదని బోవెన్ పద్ధతి నమ్ముతుంది.

ఇలాంటి కేసు ఒకటి అనుకోండి. ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడు కాలేజీకి పోనంటున్నాడు. అర్ధరాత్రి దాటినా ఫోను వదలడు. నాయన బస్సు డ్రైవరు, రాత్రి డ్యూటీలు. అమ్మ ఫోను లాక్కుంటుంది, అవ్వ తీసి మళ్లీ ఇస్తుంది. కుర్చీలు ముందే సర్దిపెట్టకండి. కుర్రాడు అమ్మకూ అవ్వకూ నడుమ, నాయన తలుపు పక్కన కూర్చుంటే ఇంటి నిర్మాణం సగం తెలిసినట్టే. ముందు అవ్వను పలకరించండి, ఊరూ ఒంట్లో బాగోగులూ అడగండి. మినూచిన్ జాయినింగ్ అన్నది ఇదే. దీన్ని దాటేసి నేరుగా తల్లిదండ్రులకు పెత్తనం అప్పజెప్పబోతే, అవ్వ రెండోసారి రాదు, ఎవర్నీ రానివ్వదు.

తర్వాతది ఎనాక్ట్‌మెంట్, అంటే ఇంట్లో జరిగేదాన్ని గదిలోనే మీ కళ్లముందు జరిపించడం. తల్లిదండ్రుల కుర్చీలు ఎదురెదురుగా తిప్పించి, "ఈ రాత్రి ఫోను ఎన్నింటికి పక్కన పెట్టాలో మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చండి" అనాలి. మీ కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకోవాలి. అయినా వాళ్లు మీ మొహం చూసే మాట్లాడతారు. మీరు కాగితంలోకి చూస్తూ "ఆయనతో చెప్పండమ్మా" అనండి. కాసేపటికి అవ్వ అందుకుంటుంది. "అవ్వా, మీరిట్లా నా పక్కకు రండి. వాళ్లు ఒక టైము తేల్చేదాకా మనిద్దరం చూద్దాం, ఆపైన మీ మాట వింటాను" అని పక్కన కూర్చోబెట్టుకోండి. తరాల మధ్య సరిహద్దు గీయడమంటే గదిలో ఇంత చిన్న పనే. కొత్తవాళ్లు ఇక్కడ "వాడి భవిష్యత్తు గురించి మాట్లాడుకోండి" అని పెద్ద విషయం చేతికిస్తారు. దాంతో ఆలుమగలు పాత గొడవలన్నీ తవ్వుతారు, కుర్రాడు మళ్లీ నడుమకు వస్తాడు. ఇద్దరూ మౌనంగా ఉండిపోతే భరించలేక కౌన్సెలరే సలహా చెప్పేయడం ఇంకో పొరపాటు. ఆ మౌనం దాటి వాళ్లు నోరు విప్పేదాకా ఆగాలి. తేల్చుకునే అలవాటు పడాల్సింది వాళ్లకు.

బోవెన్ పద్ధతికి ఆయువుపట్టు జీనోగ్రామ్, అంటే బంధాలూ తగాదాలూ కూడా గుర్తులతో చూపే వంశవృక్షం. మూడు తరాలు, పెన్సిలు, అడ్డంగా తిప్పిన ఏ4 కాగితం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పోయినవాళ్లకు లోపల ఇంటూ గుర్తు, తగాదాకు వంకరటింకర గీత. పుట్టుక, పెళ్లి, చావు, వలస, జబ్బు ఏ సంవత్సరమో రాయాలి. చిక్కంతా మేనరికం దగ్గర వస్తుంది. చిత్తూరు వైపు అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. విద్యార్థి ఆ మనిషిని అమ్మాయి మేనమామగా ఒకచోట, భర్తగా ఇంకోచోట, రెండుసార్లు గీస్తే అసలు సంగతే కాగితం మీద మాయమవుతుంది. ఒక్కసారే గీయండి, అతని అక్క పక్కన. అమ్మాయిని ఆ అక్కకు కింద గీసి, ఆమె నుంచి అతనికి ఏటవాలుగా జంట గీత కలపండి. రక్తసంబంధంలో పెళ్లికి గుర్తు అదే. అప్పుడు కనిపిస్తుంది: ఈ అమ్మాయికి కన్నతల్లే ఆడపడుచు, అత్తగారు సొంత అమ్మమ్మ. మొగుడితో గొడవపడి తల్లికి చెప్పుకుంటే ఆ తల్లి కూతురికీ తమ్ముడికీ మధ్య నలిగిపోతుంది. పుట్టింటికి పోదామన్నా ఆ ఇల్లూ ఈ ఇల్లూ ఒక్కటే. ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగితే మూడో మనిషిని నడుమకు లాగడాన్ని బోవెన్ ట్రయాంగిల్ అంటారు. అది ఇక్కడ పెళ్లినాటికే సిద్ధంగా ఉంది. మినూచిన్ సరిహద్దుల పటంతో ఈ ఇంటిని గీయబోతే ఏ తరం ఎవరిదో తేలక చెయ్యి ఆగిపోతుంది. మేనరికపు ఇళ్లకు బోవెనే మేలని మా గట్టి అభిప్రాయం.

అందరూ కూర్చున్నప్పుడు జీనోగ్రామ్ గీస్తే, ఆత్మహత్యలు, రెండో పెళ్లిళ్లు, మొదటి ప్రేమలు అడగొద్దు. పిల్లలకు తెలియని సంగతి ఒకటి బయటపడితే ఆ ఇంటిని ఆ సాయంత్రం సముదాయించడానికి మీరు ఉండరు.

ఇంటివాళ్లతో కలిసి ఉంటూనే తన ఆలోచన తాను నిలుపుకోవడాన్ని బోవెన్ డిఫరెన్షియేషన్ అంటారు. దాన్ని వేరు కాపురంగా అర్థం చేసుకోవడం చాలా మామూలు. మకాం బెంగళూరుకు మార్చి, అత్తగారింటికి నెలనెలా డబ్బు పంపి, ఫోనెత్తకపోతే బోవెన్ దాన్ని ఇమోషనల్ కటాఫ్ అంటారు. ఆ ఆందోళన ఎక్కడికీ పోలేదు, రేపు పిల్లల మీదికి మళ్లుతుంది. గంగ జాతరకు వచ్చి ఆ ఇంట్లోనే రెండు రోజులుండి, అత్త ఎత్తిపొడుపు విన్నాక గొడవకు దిగకుండా, తలొంచుకుని ఊరుకోకుండా, తన మాట తను చెప్పగలిగితే అది డిఫరెన్షియేషన్. మినూచిన్ చెప్పిన ఎన్‌మెష్‌మెంటును, అంటే ఇంట్లోవాళ్ల మధ్య సరిహద్దులు చెరిగి ఒకరిలో ఒకరు చిక్కుకుపోవడాన్ని, కూడా ఇలాగే తప్పుగా అర్థం చేసుకుంటారు. అవ్వ మనవడికి ముద్దలు కలిపి పెట్టడం ఎన్‌మెష్‌మెంటు కాదు. తల్లి వద్దన్న మాట ఆ ఇంట్లో నిలబడుతుందా లేదా అన్నది చూడండి.

కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో మాత్రం ఈ రెండూ పక్కన పెట్టాలి. "ఇద్దరిదీ భాగం ఉంది" అనే ఆలోచన దెబ్బలు తిన్న మనిషి మీద నేరం మోపుతుంది. స్త్రీవాద థెరపిస్టులు కుటుంబ సిద్ధాంతాలను దీనిమీదే గట్టిగా నిలదీశారు. ఆమెను ఒంటరిగా కలవండి, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వండి. 2005 గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనలు కూడా, హింసకు ప్రతివాది సాకులు చెప్పుకునే చోటుగా కౌన్సెలింగ్‌ను మార్చకూడదంటాయి.

నేర్చుకునే వరసలో మినూచిన్‌తో మొదలుపెట్టడం మంచిది. కళ్లముందు జరిగేది చూడటం అందులో త్వరగా వస్తుంది, సెషన్లూ తక్కువే పడతాయి. బోవెన్‌లో నెలకోసారి కలిసినా సరే, పని మాత్రం సంవత్సరాలు పట్టొచ్చు. అయితే మొదటి కేసు తీసుకునే ముందే మీ సొంత జీనోగ్రామ్ గీసి సూపర్‌వైజర్ ముందు పెట్టండి. ఇంట్లో తాను కోడలై నలుగుతున్న విద్యార్థిని, ఎదురుగా కూర్చున్న కోడలి పక్షం తనకు తెలియకుండానే తీసుకుంటుంది. ఆ ఇంటి ట్రయాంగిల్‌లో మూడో మూల ఆమె అవుతుంది. సెషన్ రికార్డింగులో అత్త మాట్లాడేటప్పుడు ఎన్నిసార్లు అడ్డుపడ్డారో, కోడలి మాటకు ఎన్నిసార్లు తలూపారో సూపర్‌వైజర్‌తో కలిసి లెక్కపెట్టండి. రికార్డింగుకు మాత్రం ఇంట్లో పెద్దాయన సంతకం ఒక్కటే చాలదు, గదిలో ఉన్న పెద్దవాళ్లందరి నుంచీ రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి.