మజ్జ మూలకణాలకు ఏ పరిసరం మేలు: గట్టి డిష్, మెత్తని జెల్, కణాల ముద్ద?

పెద్దవారి ఎముక మజ్జలో కేంద్రకం ఉన్న కణాలను లెక్కిస్తే, మెసెంకైమల్ మూలకణాలు (ఎముక, మృదులాస్థి వంటి కణజాలాలుగా మారగల కణాలు) లక్షకు ఒకటి నుంచి పది వరకే ఉంటాయి. కాబట్టి చికిత్సకు వాడాలంటే వాటిని బయట పెంచక తప్పదు. పెంచే చోటు కణం స్వభావాన్నే మార్చేస్తుంది కనుక, ఆ చోటు ఎంపికను మందు ఎంపికంత జాగ్రత్తగా చేయాలి.

ప్లాస్టిక్ డిష్ అన్నిటికంటే పాత పద్ధతి. ఈ కణాలు అడుగున అతుక్కుంటాయి, మిగిలిన రక్తకణాలను కడిగేయవచ్చు, సంఖ్య త్వరగా పెరుగుతుంది. అయితే ఆ అడుగు మజ్జ కంటే లక్షల రెట్లు గట్టిది.

ఆ తేడా ఎంత దూరం వెళ్తుందో 2006లో ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిషర్ బృందం చూపించింది. కొలాజెన్ పూసిన జెల్‌ల మీద, ఒకే పోషక ద్రవంలో, గట్టిదనం ఒక్కటే మార్చి చూసినప్పుడు, 0.1 నుంచి 1 కిలోపాస్కల్ (గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) జెల్ మీద కణాలు నాడీకణాల్లా కొమ్మలు వేశాయి, 8 నుంచి 17 మధ్య కండర లక్షణాలు, 25 నుంచి 40 మధ్య ఎముక లక్షణాలు చూపాయి. నాడీకణపు రూపం, కొన్ని ప్రొటీన్లు కనిపించినంత మాత్రాన అది పని చేసే నాడీకణం కాదన్నది ఇక్కడ మరవకూడదు. అయినా ఎముక, మృదులాస్థి తప్ప మరే కణజాలం కోసమైనా జెల్‌వైపే నేను మొగ్గుతాను.

దీనికి బలమైన కారణం 2014లో క్రిస్టీ ఆన్‌సెత్ బృందం వెలువరించిన ఫలితం. ప్లాస్టిక్ మీద ఒక్క రోజు ఉన్న కణాలను మెత్తని జెల్ మీదికి మార్చితే, గట్టిదనాన్ని గుర్తించి, గట్టి చోట కేంద్రకంలో చేరే వైఏపీ ప్రొటీన్ కేంద్రకం నుంచి బయటికి వచ్చేసింది; 10 రోజులు ఉన్న కణాల్లో మాత్రం అది కేంద్రకంలోనే నిలిచిపోయింది. అంటే ముందు డిష్‌లో వారాల తరబడి పెంచి, చివరికి జెల్‌లో వేసి సరిదిద్దుకుందామనుకోవడం ఆలస్యపు పని.

ఆక్సిజన్ విషయంలో తేల్చడం సులభం. గాలిలో అది 21 శాతం, మజ్జలో చాలా చోట్ల 7 శాతం లోపే. తక్కువ ఆక్సిజన్‌లో ఈ కణాలు ఎక్కువ కాలం విభజన చెందుతాయి, వృద్ధాప్యం ఆలస్యంగా వస్తుంది. కాబట్టి సంఖ్య పెంచే దశలో ఏ అడుగు వాడినా ఆక్సిజన్ తగ్గించడం మేలు. ఎముకగా మార్చే దశలో మాత్రం ఆ లోటు తరచు అడ్డుపడుతుంది.

మృదులాస్థి కావాలంటే డిష్, జెల్ రెండింటికంటే కణాల ముద్దే ముందుంటుంది. కణాలు ఒకదానికొకటి ఆనుకుని, టీజీఎఫ్-బీటా అనే వృద్ధి ప్రొటీన్ అందినప్పుడు, గుండ్రని ఆకారంలోనే ఉండి మృదులాస్థి పదార్థాన్ని తయారు చేస్తాయి. ముద్ద పెద్దదైతే నడిమి కణాలకు పోషకాలు చేరవు కనుక, ఎక్కువ కావాలంటే చిన్న ముద్దలే అనేకం చేసుకోవాలి.